మామగారి షెడ్డులో మిగిలిపోయిన సీసం

ప్రశ్న: మాది గాజువాక. మా మామగారు ఆటోనగర్‌లో చాలా ఏళ్లు బ్యాటరీ షాపు నడిపారు. పాత బ్యాటరీలు విప్పి, ప్లేట్లు మార్చి, మళ్లీ కట్టి ఇచ్చేవారు. ఆయన పోయి నాలుగేళ్లయింది. ఆ సామాను మాత్రం ఇంటి వెనక రేకుల షెడ్డులో అలాగే ఉండిపోయింది. ప్లేట్ల బస్తాలు, బూడిదరంగు పొడి ఉన్న రెండు డ్రమ్ములు, సీసం దిమ్మలు, విప్పని బ్యాటరీలు ఓ పదిహేను దాకా ఉన్నాయి. మా మరిది వాటిలోంచి కొంచెం కొంచెం తీసి, షెడ్డు బయట పొయ్యి మీద కరిగించి, వలలకు కట్టే గుళ్లు పోసి ఫిషింగ్ హార్బర్ దగ్గర అమ్ముతున్నాడు. మా బాబుకి నాలుగేళ్లు, వాడు అక్కడే ఆడతాడు. తోటికోడలికి ఐదో నెల. ఇవి కాక, ఆర్‌ఎంపీగా చేసిన మా పెద్దమామగారి పాత పాదరసం బీపీ మిషన్లు రెండున్నాయి. ఒకటి చిట్లినట్టుంది.

ఇప్పుడు ఆ వెనక స్థలం అమ్మేద్దాం అంటున్నారు. చెత్త బండివాళ్లు ఇవి తీసుకోం అన్నారు. పాత సామాను కొట్టతను మాత్రం రేపే బండి తెస్తానంటున్నాడు, రేటు కూడా బాగానే చెప్పాడు. పక్కింటాయన "ఇవి ఇంట్లో ఉంటే కేసవుతుంది, జైలే" అని టెన్షన్ పెట్టేశాడు. మావారేమో "ఇన్నేళ్లుగా ఏమీ కాలేదు, ఇప్పుడేమవుతుంది" అంటారు. అసలు వీటికి గవర్నమెంటు రూలేమిటి? ఎవరికివ్వాలి? అప్పటిదాకా ఎలా దాచాలి?
(పేరు వద్దన్న పాఠకురాలు, గాజువాక)

జవాబు:

అమ్మా, రూల్స్ సంగతి తర్వాత చెప్తాను. ముందు బాబు, మీ తోటికోడలు.

ఆ పొయ్యి ఇవాళ్టి నుంచి వెలగకూడదు. మరిది ఒప్పుకునేదాకా ఆగాల్సిన విషయం కాదిది. ఒప్పుకోకపోతే ఆ అమ్మాయిని కొన్నాళ్లు పుట్టింటికి పంపండి, మీరూ బాబును తీసుకుని ఎక్కడికైనా వెళ్లండి. తర్వాత ఇంట్లో అందరికీ రక్తంలో సీసం పరీక్ష చేయించండి. వేలు గుచ్చి తీసే చుక్క వద్దు. చర్మం మీద దుమ్ముంటే లెక్క తప్పుతుంది. చేతి నరంలోంచి తీసిన రక్తమే ఇవ్వండి. కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) పిల్లల విభాగానికి వెళ్లినా, అలవాటైన పిల్లల డాక్టరు దగ్గరికి వెళ్లినా "మా ఇంటి వెనక సీసం కరిగిస్తున్నారు" అని ముందే చెప్పండి. చెప్పకపోతే ఆ ఊహ రావడం కష్టం. ఆకలి మందగించడం, మలబద్ధకం, కడుపునొప్పి, చిరాకు, రక్తం తక్కువగా ఉండటం లాంటివి ఎన్నో జబ్బుల్లో కనిపిస్తాయి. చాలామంది పిల్లల్లో అవి కూడా కనిపించవు.

రిపోర్టులో అంకె డెసిలీటరుకు ఇన్ని మైక్రోగ్రాములు అని వస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం 5 గానీ అంతకు మించి గానీ ఉంటే సీసం ఎక్కణ్నుంచి వస్తోందో కనిపెట్టి ఆపాలి. పిల్లల్లో 45కి చేరితే ఒంట్లోంచి సీసాన్ని బయటికి లాగే మందులు వాడతారు. అది డాక్టర్లు చూసుకోవాల్సిన పని. 5 లోపు వచ్చిందని నిశ్చింతగా ఉండకండి. ఇంతవరకైతే ఫరవాలేదు అని చెప్పగలిగిన హద్దు సీసానికి లేదని ఆ సంస్థే అంటోంది. యూట్యూబ్‌లో చెప్పే డీటాక్స్ కషాయాల జోలికి మాత్రం వెళ్లకండి. ఐరన్, కాల్షియం తక్కువగా ఉన్న పిల్లల ఒంటికి సీసం ఎక్కువ పడుతుంది కాబట్టి ఆ డబ్బు గుడ్లకీ, పాలకీ, ఆకుకూరలకీ పెట్టండి.

మీవారి మాటకు జవాబు కూడా ఇక్కడే ఉంది. ఒంట్లోకి వెళ్లిన సీసం ఎముకల్లో చేరి ఏళ్ల తరబడి, దశాబ్దాల దాకా ఉండిపోతుంది. కడుపుతో ఉన్నప్పుడు బిడ్డ కోసం తల్లి ఎముకల్లోంచి కాల్షియం కదులుతుంది. దాంతోపాటే ఈ సీసమూ కదిలి, మాయను దాటి బిడ్డను చేరుతుంది. మీ తోటికోడలు పొయ్యి దగ్గరికి ఎప్పుడూ వెళ్లకపోయినా, మరిది పనిబట్టలు దులిపి ఉతికేది ఆవిడే అయితే అది చాలు. పిల్లల్లో దెబ్బ తగిలేది మెదడుకి. అది జ్వరంలా బయటపడదు. బడిలో చదువు ఎక్కకపోతే పిల్లాడిదే తప్పనుకుంటాం.

ఇక షెడ్డు. అందులో ఉన్నవన్నీ ఒకే స్థాయి ప్రమాదం కావు. దిమ్మలు చూడటానికి భయంగా ఉంటాయి గానీ గడ్డకట్టిన సీసం దానంతటది లేచి ముక్కులోకి రాదు. ముట్టుకుంటే చేతులు సబ్బుతో కడుక్కోవాలి, అంతే. అసలు ముప్పు ఆ రెండు డ్రమ్ముల పొడి. బ్యాటరీ ప్లేట్ల మీద ఉండే ముద్ద అంటే సీసం ఆక్సైడు, సీసం సల్ఫేటుల మిశ్రమం. ఎండితే గోధుమపిండిలా లేస్తుంది, ఊపిరితో లోపలికి వెళ్తుంది, వేళ్లకు అంటి అన్నంలోకి వస్తుంది. నేల మీద కూర్చుని ఆడి, అదే చేయి నోట్లో పెట్టుకునే పిల్లాడికి ఇంతకంటే దగ్గరి దారి లేదు. మీ మరిది తప్పంతా పొయ్యి దగ్గరే ఉంది. సీసం 327 డిగ్రీలకే కరుగుతుంది కాబట్టి ఇంటి పొయ్యి సరిపోతుంది. అందుకే ఇది ఎవరైనా చేసేసే పని అయిపోయింది. ఇంకా వేడెక్కితే పొగలో సీసం లేస్తుంది, పైన తేలిన తెట్టును గరిటెతో తీసి పక్కన పారేస్తారు. ఆ తెట్టు మళ్లీ పొడే. పొయ్యి చుట్టూ ఉన్న మట్టిలో ఇన్నేళ్ల తెట్టు ఉందన్నమాట.

కాబట్టి దాచడం అంటే ముందు పొడిని లేవనివ్వకుండా చూడటం. షెడ్డుకు తాళం వేయండి. పొడి చీపురుతో ఊడవకండి, వాక్యూమ్ క్లీనరూ వద్దు. నీళ్లు సన్నగా చిలకరించి, తడిబట్టతో తుడిచి, ఆ బట్టను కూడా మామూలు చెత్తలో వేయకుండా విడిగా సంచిలో కట్టిపెట్టండి. చినిగిన బస్తాలను కదిలించి వేరే బస్తాలోకి గుమ్మరించకండి. బస్తాను బస్తాగానే మందపాటి ప్లాస్టిక్ సంచిలో దించి మూతి కట్టండి, ఆపై మూతున్న ప్లాస్టిక్ డ్రమ్ములో పెట్టండి. విప్పని బ్యాటరీలు నిలువుగా, వాన పడని చోట, సిమెంటు నేల మీద, ప్లాస్టిక్ ట్రేలో ఉంచాలి. వాటిలో ఉన్నది సల్ఫ్యూరిక్ యాసిడ్. దాన్ని గెడ్డలో పోసి "బరువు తగ్గిద్దాం" అనే మహానుభావులు ఉంటారు. ఒప్పుకోకండి. యాసిడ్‌తో పాటు కరిగిన సీసం కూడా పోతుంది. ఈ పనులు మీరు గానీ తోటికోడలు గానీ చేయకండి. చేసేవాళ్లు గుడ్డ మాస్కు కాకుండా కనీసం ఎన్95, గ్లోవ్స్ వేసుకుని, అయ్యాక అక్కడే స్నానం చేసి, ఆ బట్టలు విడిగా ఉతకాలి. చెప్పులు గుమ్మం దాటి రాకూడదు. ప్రతి డ్రమ్ము మీద ఏముందో, ఎన్ని కేజీలో, ఏ తేదీన పెట్టారో రాసి ఫొటో తీసిపెట్టుకోండి. ఆ ఫొటో ఎందుకో తర్వాత అర్థమవుతుంది.

ఇప్పుడు రూల్. మిగతా విషాల్లో చాలావాటికీ, లోహాలకీ ఒక పెద్ద తేడా ఉంది. 2020 మే 7న మన విశాఖ ఆర్‌ఆర్ వెంకటాపురంలో గ్యాస్ లీకై మనుషులు పోయారు. ఆ తర్వాత ఫ్యాక్టరీలో మిగిలిన ఆ రసాయనాన్ని, స్టైరీన్‌ను, ఓడల్లో దక్షిణ కొరియాకు పంపేశారు. స్టైరీన్‌ను కాలిస్తే మరో పదార్థం అవుతుంది. సీసాన్ని కాలిస్తే సీసం బూడిద వస్తుంది. పాతిపెడితే సీసం మట్టి వస్తుంది. పాదరసమూ అంతే, కాడ్మియమూ అంతే. నాశనం చేయడం అనేది లేదు కాబట్టి ఏ దేశంలో ప్రభుత్వమైనా చేయగలిగింది రెండే. మళ్లీ వాడుకలోకి తేవాలి, లేదా కాపలా కాయాలి. జర్మనీలో హెర్ఫా-న్యూరోడె అనే చోట 1972 నుంచి ఉప్పు గనుల లోతుల్లో విషపు వ్యర్థాలను నిల్వ చేస్తున్నారు. అమెరికా 2008లో చట్టం చేసి, 2013 నుంచి పాదరసం ఎగుమతే ఆపేసి, మిగులును తన దగ్గరే దాచుకునే ఏర్పాటు పెట్టుకుంది. మన కొడైకెనాల్‌లో థర్మామీటర్ల ఫ్యాక్టరీ 2001లో మూతపడితే, పాదరసం అంటిన గాజు తుక్కు 2003లో అమెరికాకు ఓడెక్కింది, దాదాపు 290 టన్నులు. నేలలో ఇంకిన పాదరసం ఓడెక్కదు కదా. దాని గొడవ ఆ తర్వాత చాలా ఏళ్లు నడిచింది.

మన దేశంలో దీనికి ప్రధానమైనవి 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నియమాలు. వాటి సారమంతా ఒక్కటే. ఈ సరుకు ఇప్పుడు ఎవరి చేతిలో ఉందో ఎప్పుడూ కాగితం మీద ఉండాలి. ఫ్యాక్టరీ అయినా, వర్క్‌షాపు అయినా కాలుష్య నియంత్రణ మండలి దగ్గర అనుమతి తీసుకోవాలి. వ్యర్థాన్ని మామూలుగా 90 రోజులకు మించి నిల్వ ఉంచకూడదు, చిన్నవాళ్లకు మండలి 180 రోజుల దాకా పొడిగించవచ్చు. డబ్బాల మీద ప్రమాదకర వ్యర్థం అని హిందీ, ఇంగ్లిష్, స్థానిక భాషల్లో రాసి ఉండాలి. అనుమతి ఉన్నవాళ్లకే అమ్మాలి లేదా పంపాలి. పంపేటప్పుడు మానిఫెస్టు అనే పత్రం ఏడు రంగుల కాపీల్లో నడుస్తుంది. పసుపు కాపీ పంపినవాళ్ల దగ్గర ఉంటుంది, సరుకు అందుకున్నవాళ్లు నీలం కాపీని పంపినవాళ్లకు తిప్పి పంపాలి. మీకు కావాల్సింది ఆ నీలం కాపీ. అది చేతికొస్తే, ఆ సరుకు దారిలో ఎక్కడా మాయం కాకుండా చేరాల్సిన చోటికి చేరిందని అర్థం.

"సరుకు మామగారిది, ఆయన లేరు, మాకేం సంబంధం" అని ఇంట్లో ఎవరైనా అనొచ్చు. 1986 నాటి పర్యావరణ పరిరక్షణ చట్టం ఆ మాటకు ముందే అడ్డుకట్ట వేసింది. బాధ్యుడెవరని చెప్పేటప్పుడు ఆ పదార్థం ఎవరి ఆధీనంలో ఉందో వారిని కూడా కలిపింది. షాపు ఎవరి పేరు మీద ఉండేదన్నది కాదు, షెడ్డు తాళం ఎవరి దగ్గరుందన్నది లెక్క. అంటే ఇప్పుడు మీవారూ, మరిదీ.

పక్కింటాయన జైలు మాటకు వస్తే, ఆ చట్టంలోని 15వ సెక్షన్ కింద ఉన్న జైలుశిక్షను 2023 జన్ విశ్వాస్ చట్టంతో తీసేశారు. 2024 ఏప్రిల్ నుంచి దాని బదులు పది వేల నుంచి పదిహేను లక్షల రూపాయల దాకా జరిమానా. ఇది మంచి మార్పా అంటే నాకు అనుమానమే. పెద్ద కంపెనీకి పదిహేను లక్షలు ఓ లెక్క కాదు, మీలాంటి ఇంటికి అది ఇల్లమ్ముకునేంత. ఎవరికైనా హాని జరిగితే నష్టపరిహారం, వేరే చట్టాల కింద కేసులు వేరే. కానీ సరుకును సరైన దారిలో అప్పగించడానికి మీ అంతట మీరు వెళ్తుంటే భయపడాల్సింది లేదు. కొట్టతనికి అమ్మేసి, అతను ఎక్కడో కాల్వగట్టున కరిగించి పట్టుబడితే, "ఎక్కడ కొన్నావ్" అన్న ప్రశ్నకు మీ చిరునామా చెప్తాడు చూడండి, భయపడాల్సింది దానికి.

ఆ కొట్టతను మంచి రేటు చెప్పాడన్నారు. సీసంతో ఉన్న చిక్కే అది. పాదరసం బీపీ మిషన్ కొంటానని మీ గుమ్మం దాకా ఎవరూ రాలేదు, సీసానికి మాత్రం రేపే బండి వస్తుంది. విషమైన లోహాల్లో ఇంత సులువుగా కరిగి ఇంత సులువుగా అమ్ముడయ్యేది ఇంకొకటి లేదు. దుమ్ము పట్టే యంత్రాలు, కార్మికులకు రక్త పరీక్షలు, అనుమతి ఫీజులు ఏవీ లేని పెరటి కొలిమికి ఖర్చు తక్కువ కాబట్టి, రూల్ పాటించే రీసైక్లర్ కంటే అది ఎక్కువ ధర పెట్టగలుగుతుంది. ఆ పై ధర పక్క వీధి పిల్లల రక్తంలోంచి వస్తోంది. మన రూల్స్ ఫ్యాక్టరీ గేటు దగ్గర బాగానే చూస్తాయి, పెరట్లోకి వచ్చేసరికి చూపు ఆనదు. గాజువాకలో పుట్టి పెరిగిన మనకూ అదే అలవాటు. మింది వైపు పొగగొట్టాలనీ, పోర్టు బొగ్గు దుమ్మునీ తిడతాం. ఇంటి వెనక బస్తా మీద దుప్పటి కప్పుతాం.

ఇక ఎవరికివ్వాలి. విప్పని బ్యాటరీలది తేలిక. 2022 బ్యాటరీ వ్యర్థాల నియమాల ప్రకారం పాత బ్యాటరీలు వెనక్కి తీసుకుని రీసైక్లింగ్‌కు చేర్చాల్సిన బాధ్యత తయారీదారులదే. వాడినవాళ్ల బాధ్యత ఏమిటంటే, వాటిని మామూలు చెత్తలో కలపకుండా, సేకరించే వాళ్లకు అప్పగించడం. పేరున్న కంపెనీ డీలరు దగ్గరికి తీసుకెళ్తే తూకం మీద డబ్బిచ్చి తీసుకుంటారు. జీఎస్టీ బిల్లు గానీ రసీదు గానీ అడగండి. అది ఇవ్వనంటే ఇంకో డీలరు దగ్గరికి వెళ్లండి, ఆటోనగర్‌లో డీలర్లకు కొదవలేదు.

విప్పేసిన ప్లేట్లు, దిమ్మలు, పొడి డీలరు తీసుకోడు. ఇవి 2016 నియమాల్లో రీసైకిల్ చేయదగ్గ ప్రమాదకర వ్యర్థాల జాబితాలో ఉన్నాయి. బ్యాటరీ ప్లేట్లు, సీసం తుక్కు, సీసం బూడిద అని పేర్లతో సహా. మండలి అనుమతి ఉన్న రీసైక్లర్‌కే వెళ్లాలి. విశాఖలో కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ కార్యాలయం ఉంది. అక్కడికి తెలుగులోనే ఒక అర్జీ పట్టుకెళ్లండి. ఫలానా చిరునామాలో, మూతపడిన బ్యాటరీ షాపు సామాను ఇన్ని కేజీలుంది, ఇంట్లో చిన్నపిల్లాడూ గర్భిణీ ఉన్నారు, అనుమతి ఉన్న సీసం రీసైక్లర్ల జాబితా ఇచ్చి తరలింపుకు దారి చూపించండి అని రాయండి. ఇందాక చెప్పిన ఫొటోలు జతచేయండి. రెండో కాపీ మీద తేదీతో ముద్ర వేయించుకోకుండా బయటికి రాకండి. ఆ ముద్ర ఉంటే మీ అంతట మీరే వచ్చి చెప్పారన్న సాక్ష్యం మీ దగ్గరుంటుంది. తర్వాత కదలిక లేకపోతే సోమవారం కలెక్టరేట్‌లో ప్రజల ఫిర్యాదులు తీసుకునే పీజీఆర్‌ఎస్‌లో అదే అర్జీ ఇవ్వండి. ఇంత చిన్న సరుక్కి ఆఫీసుల్లో ఉత్సాహం తక్కువే ఉంటుంది. చెప్పులు కాస్త అరుగుతాయి, దానికి సిద్ధపడే వెళ్లండి.

రీసైక్లర్ తీసుకోనివి కొన్ని మిగులుతాయి. తుడిచిన బట్టలు, పొడి కలిసిన మట్టి, పగిలిన బ్యాటరీ పెట్టెల ముక్కలు లాంటివి. వాటి చోటు పరవాడ ఫార్మా సిటీలోని టీఎస్‌డీఎఫ్, అంటే ప్రమాదకర వ్యర్థాలను శుద్ధిచేసి పాతిపెట్టే కేంద్రం. ఇప్పుడది అనకాపల్లి జిల్లాలోకి వెళ్లింది గానీ గాజువాకకు పక్కనే. సీసం ఉన్న వ్యర్థాన్ని అక్కడ నేరుగా గోతిలో పోయరు. సిమెంటు, సున్నం లాంటివి కలిపి గట్టిపరుస్తారు, నీళ్లు తగిలితే సీసం ఎంత ఊరి వస్తుందో పరీక్షిస్తారు. ఆ పరీక్షలో లీటరుకు 5 మిల్లీగ్రాములకు చేరితే దాన్ని ప్రమాదకర వ్యర్థం కిందే లెక్కగడతారు. ఆ తర్వాత మందపాటి ప్లాస్టిక్ పొరలు, బంకమట్టి పరిచిన గోతుల్లో పెట్టి, ఊరిన నీటిని పట్టుకుంటూ, గొయ్యి మూసేశాక కూడా దశాబ్దాలు గమనిస్తారు. దీనికి మీకు డబ్బు రాదు, మీరే కట్టాలి. బ్యాటరీలు అమ్మగా వచ్చిన డబ్బు దీనికి పక్కన పెట్టుకోండి.

చెత్త బండివాళ్లు తీసుకోకపోవడం మీకు కోపం తెప్పించి ఉండొచ్చు గానీ వాళ్లు సరైన పనే చేశారు. ఈ పొడి జీవీఎంసీ (విశాఖ నగరపాలక సంస్థ) చెత్తలో కలిసి కాపులుప్పాడ చెత్త కేంద్రానికి చేరితే, అక్కడ గుట్టలో పడినా, కరెంటు తయారీకి కాలినా సీసం సీసంగానే మిగులుతుంది. అయితే ఇంట్లో వాడుకలోంచి వచ్చే ట్యూబ్‌లైట్లు, చిన్న బ్యాటరీ సెల్లులు, పెయింటు డబ్బాలు, పగిలిన థర్మామీటర్లది వేరే లెక్క. అలాంటివాటికి ప్రతి 20 చదరపు కిలోమీటర్లకు ఒక సేకరణ కేంద్రం ఉండాలని 2016 ఘన వ్యర్థాల నియమాలే చెప్పాయి. మీ వార్డు సచివాలయంలో శానిటేషన్ సెక్రటరీని అడిగి చూడండి. అడిగేవాళ్లు లేకే సగం కేంద్రాలు కాగితం మీద ఉండిపోతాయి.

బీపీ మిషన్ల విషయంలో తొందరపడండి. థర్మామీటర్‌లో పాదరసం ఒక గ్రాము అటూ ఇటూ ఉంటుంది, టేబుల్ మీద పెట్టుకునే బీపీ మిషన్‌లో వంద గ్రాముల దాకా, కొన్నిట్లో అంతకంటే ఎక్కువే ఉంటుంది. అది గది వేడికే ఆవిరవుతుంది, వాసన రాదు, కనపడదు. చిట్లిన మిషన్‌ను తెరిచి చూడొద్దు. పెట్టెతో సహా, నిలువుగా, గట్టి మూతున్న ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి టేపు వేసి, పడుకునే గదులకు దూరంగా, ఎండ తగలని చోట పైన పెట్టండి. ఇప్పటికే పూసలు నేల మీద పడి ఉంటే కిటికీలు తెరిచి, పిల్లల్ని బయటికి పంపి, గట్టి అట్టముక్కతో ఒకచోటికి నెట్టి, సూది లేని సిరంజితో లాగి గాజుసీసాలో వేసి మూత బిగించాలి. చీపురు పెడితే వంద పూసలవుతాయి. సింకులో కడిగితే పైపులో ఉండిపోతుంది. ఆ పని చేసేవాళ్లు ఉంగరాలూ గొలుసులూ తీసి పక్కన పెట్టాలి, పాదరసం బంగారాన్ని వెంటనే పట్టేస్తుంది. పారేసే దారి కోసం మండలికి ఇచ్చే అర్జీలోనే ఈ రెండు మిషన్లనూ చేర్చండి. పాదరసం వాడకాన్ని తగ్గించడానికి దేశాలు చేసుకున్న మినమాటా ఒప్పందంలో మన దేశం 2018 నుంచి ఉంది. తయారీ, ఎగుమతి, దిగుమతి ఆపాల్సిన వస్తువుల జాబితాలో పాదరసం బీపీ మిషన్లూ ఉన్నాయి కాబట్టి, ఆఫీసులో వాటి గురించి కొత్తగా వివరించాల్సిన పని ఉండదు.

స్థలం అమ్మకం గురించి ఒక మాట గట్టిగా చెప్పాలి. మట్టి పరీక్ష చేయించకుండా అమ్మకండి. ఆస్తి బదలాయింపు చట్టం 1882లో 55వ సెక్షన్ ఉంది. కొనేవాడు మామూలు జాగ్రత్తతో కనిపెట్టలేని లోపం అమ్మేవాడికి తెలిస్తే, అది చెప్పి తీరాలి. నేలలో సీసం కంటికి కనిపించదు, మీకు మాత్రం తెలుసు. ఎన్‌ఏబీఎల్ (ల్యాబ్‌లకు గుర్తింపు ఇచ్చే జాతీయ సంస్థ) గుర్తింపు ఉన్న ల్యాబ్‌కు పొయ్యి దగ్గర, షెడ్డు గుమ్మం దగ్గర, యాసిడ్ ఎప్పుడైనా పారబోసి ఉంటే ఆ చోట, దూరంగా ఒక మూల నుంచీ పైమట్టి విడివిడిగా ఇవ్వండి. మూల మట్టికీ పొయ్యి మట్టికీ తేడాయే అసలు కథ చెప్తుంది. అంకె పీపీఎంలో, అంటే పది లక్షల వంతుల మట్టిలో ఇన్ని వంతుల సీసం అని వస్తుంది. పోల్చుకోవడానికి, అమెరికా పర్యావరణ సంస్థ ఇళ్ల స్థలాల మట్టికి పెట్టుకున్న 400 పీపీఎం హద్దును 2024లో 200కి దించింది. ఎక్కువ వచ్చినా స్థలం పనికిరాకుండా పోదు. పైమట్టి ఎంత లోతు వరకు పాడైందో చూసి అంతవరకు తీసి పరవాడ పంపొచ్చు. ఖర్చు ఎవరిదో కొనేవాళ్లతో ముందే మాట్లాడుకుని కాగితం మీద రాసుకోండి.

కలుషిత స్థలాల గురించి కేంద్రం 2025 జులైలో కొత్త నియమాలు తెచ్చింది. అనుమానం ఉన్న స్థలాల వివరాలు జిల్లా యంత్రాంగం ఆరు నెలలకోసారి పంపాలి, మండలి 90 రోజుల్లో ప్రాథమికంగా అంచనా వేయాలి, శుభ్రం చేసే ఖర్చు పాడుచేసినవాళ్లే భరించాలి. బాగుంది. కానీ మీ పెరడు అంత చిన్నది ఆ జాబితాలోకి ఎక్కుతుందని నేననుకోను. అందుకే మీ రిపోర్టు మీరే చేయించుకోమంటున్నాను.

మరిదితో ఎలా మాట్లాడాలో మీరు అడగలేదు గానీ అదే అన్నిటికంటే కష్టమైన భాగం. అతనికి ఆ గుళ్ల మీద నాలుగు డబ్బులు వస్తున్నాయి. "నువ్వు విషం పెడుతున్నావ్" అంటే మొండికేస్తాడు. ముందు అతని రక్త పరీక్ష రిపోర్టు రానివ్వండి, కరిగించేవాడిదే ఎక్కువ వచ్చే అవకాశం ఉంది. రిపోర్టును డాక్టరు నోటితోనే చెప్పించండి, మీవారు పక్కన ఉండాలి, మీరు కాదు. హార్బర్‌లో వలగుళ్ల బేరం వదులుకోనక్కర్లేదు. పోసిన గుళ్లు హోల్‌సేల్‌లో కొని అమ్మితే లాభం తగ్గుతుంది గానీ పొయ్యి పోతుంది. కొన్ని రకాల వలలకు కాల్చిన మట్టి గుళ్లు కూడా కడతారు, అవి ఎవరెవరు వాడుతున్నారో జాలర్లకే బాగా తెలుసు. బ్యాటరీలు డీలరుకిచ్చిన డబ్బులో అతనికో వాటా ఇవ్వండి. న్యాయంగా చూస్తే తండ్రి సరుకులో అతనికీ భాగముంది.

పాత సామాను కొట్టతనికి ఇవాళే ఫోన్ చేసి రావొద్దని చెప్పేయండి. బాబు రిపోర్టు, మట్టి రిపోర్టు వచ్చాక రెండు అంకెలూ నాకు రాయండి, పేరు అక్కర్లేదు. ఎంత లోతు తవ్వాలో, ఇంటి లోపల కూడా తుడవాల్సి వస్తుందో లేదో అప్పుడు చూసి చెప్తాను.